మగ్గం గుంతలో ఒక అమావాస్య

రెండు చీరలు, బొమ్మలు వేసుకునే పుస్తకం, పెన్సిళ్ళ డబ్బా, ఒక రాజీనామా ఉత్తరం సంచిలో పెట్టుకుని ఆదోని రైలెక్కాను. ఉత్తరం కవరు మీద ఆఫీసు చిరునామా రాసి స్టాంపు కూడా అంటించాను. కవరు మూత మాత్రం అంటించలేదు.

నేను విజయవాడలో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఇరవై ఆరేళ్ళుగా అదే పని, అదే కుర్చీ. చేనేత మీద పిల్లలకు ఒక బొమ్మల పుస్తకం చెయ్యాలని ఆఫీసులో అనుకున్నప్పుడు అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య తిరిగినదాన్ని మరి. తీరా కూర్చుంటే ఒక్క బొమ్మా కొత్తగా రాలేదు. నవ్వు మొహం, చేతిలో పోగును అటూ ఇటూ నడిపే నాడె, పక్కన పూలకుండీ. అంతా క్యాలెండరు బొమ్మ. తొమ్మిదిసార్లు వేసి తొమ్మిదిసార్లు చించాను. చివరికి ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టాను. కొన్నాళ్ళు పని మానేసి ధ్యానం నేర్చుకుంటే చెయ్యి మళ్ళీ తిరుగుతుందని తెలిసినవాళ్ళు చెప్పారు.

ధ్యానమూ నేర్చుకున్నాను. పది రోజుల శిబిరానికి వెళ్ళి నాలుగో రోజుకే ఇంటికొచ్చేశాను. కళ్ళు మూసుకుంటే గ్యాస్ బండ, కరెంటు బిల్లు, చించేసిన తొమ్మిది బొమ్మలు వరసగా వచ్చి నిలబడేవి. అయినా పట్టు వదల్లేదు. ఇంట్లోనే పొద్దున ఐదున్నరకు ధ్యానం, ఆరున్నరకు కాగితం ముందు. ఆఫీసుకు కూడా నేనెప్పుడూ అంత కచ్చితంగా వెళ్ళలేదు. ఐదు నెలలు గడిచాయి, ఒక్క గీత పడలేదు. ఇక ఒక నెలే మిగిలింది. నా వల్ల కాదని మొహం మీద చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాశాను.

దాన్ని ఎమ్మిగనూరు పోస్టాఫీసులోనే వెయ్యాలనుకున్నాను. మా నాన్న అక్కడ నాలుగేళ్ళు పోస్టుమాస్టరు. నేను మొట్టమొదట బొమ్మలు వేసిందీ అక్కడే, నాన్న తెచ్చిచ్చిన పాడైపోయిన మనియార్డరు ఫారాల వెనక. మొదలైనచోటే ముగిస్తే బాగుంటుందనిపించింది. యాభై నాలుగేళ్ళు వచ్చాక ఈ నాటకాలేమిటని మా ఆయన నవ్వాడు కూడా.

ఆదోనిలో పొద్దుటి కారం

ఎమ్మిగనూరుకు ముందు నాన్న ఆదోనిలో రెండేళ్ళు పనిచేశాడు. అప్పటికి నాకు ఆరేళ్ళు. ఆ ఊరి గురించి నాకు గుర్తున్నవి రెండే. ఒకటి, రోడ్డు పక్క కంపచెట్లకు అంటుకుని ఉండే పత్తి. రెండు, ఉగ్గాని.

పత్తి ఇప్పటికీ ఉంది. పుష్యమాసం చివర్లో వెళ్ళాను కాబట్టి పత్తి ట్రాక్టర్లు మార్కెట్టు వైపు బారులు తీరి పోతున్నాయి. ముళ్ళకంపల మీద తెల్లటి పింజలు వేలాడుతున్నాయి. ఒకటి తుంచి చేతిలో పెట్టుకున్నాను. మా అమ్మ వాటిని ఏరుకొచ్చి దీపానికి వత్తులు చేసేది. అమ్మ లేక పన్నెండేళ్ళయింది. రోడ్డు పక్కన అలా నిలబడితే కళ్ళు చెమ్మగిల్లాయి.

స్టేషను దగ్గర చిన్న హోటల్లో ఉగ్గాని చెప్పాను. బొరుగులు నీళ్ళలో తడిపి గట్టిగా పిండేసి, పచ్చిమిరప ముద్దతో తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై రూపాయలు. మా విజయవాడలో బజ్జీ అంటే సాయంత్రం తిండి. ఇక్కడ పళ్ళు తోముకున్న నోటితోనే తింటారు.

"కారం తింటావా తల్లీ, లేకపోతే బజ్జీ వేరేది ఏపల్నా?" అని అడిగింది హోటలామె.

"గుంటూరు పక్కనుంచి వచ్చాను నేను, కారం నాకు కొత్తా?" అన్నాను.

ఆమె అవే బజ్జీలు పెట్టింది. రెండో బజ్జీ సగానికి వచ్చేసరికి నా ముక్కు, కళ్ళు ఒక్కటైపోయాయి. అడక్కుండానే మజ్జిగ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది.

"గుంటూరోళ్ళంతా ఇట్లనే సెప్తారు. మజ్జిగ తాగు, దీనికి దుడ్డు వద్దులే," అంది.

మేమున్న ఇంటిని వెతికాను. ఆ చోట మూడంతస్తుల మేడ, కింద ఫోన్ల దుకాణం ఉన్నాయి. లోపలి కుర్రాడు ఏం కావాలి మేడం అన్నాడు. ఏమీ వద్దు, ఇక్కడ మా వంటిల్లు ఉండేది అన్నాను. పాపం, అతనేం చెప్తాడు.

కొండ మీద నీళ్ళు

రైల్లో ధ్యానం కుదరలేదు కదా, కోట కొండ మీదైనా చేద్దామని పదకొండు గంటలకు ఎక్కాను. పైన రాళ్ళు, గాలి, అక్కడక్కడా కూలిన గోడలు. ఇంతకంటే మంచి చోటు దొరకదని ఒక బండ నీడలో బాసింపట్టు వేసి కళ్ళు మూశాను. ఊపిరి మీద మనసు పెట్టాను. అది నిలవలేదు. మళ్ళీ పెట్టాను. ఉత్తరం గుర్తొచ్చింది. పళ్ళు బిగించి మళ్ళీ పెట్టాను.

ఉన్నట్టుండి మొహం మీద చెంబెడు నీళ్ళు పడ్డాయి.

కళ్ళు తెరిస్తే ఎదురుగా తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన, చేతిలో ఖాళీ చెంబు, వెనక ముప్పై గొర్రెలు. ఆయన నాకంటే ఎక్కువ హడలిపోయి ఉన్నాడు.

"కండ్లు తిరిగినాయేమో అనుకుంటినమ్మా. పిలిస్తే పలకవు, మొగం సూస్తే కడుపునొప్పి ఉన్నట్ల బిగబట్టుకోని ఉండావు," అన్నాడు.

"ధ్యానం చేస్తున్నాను పెద్దాయనా."

"అట్లయితే సెప్పి కూసోవల్ల గదా," అని విసుక్కున్నాడు. తాగేనీళ్ళు నా మీద పారబోసుకున్నందుకు ఆయన బాధ.

నా సీసాలో నీళ్ళు ఆయన చెంబులో పోశాను. దానికి బదులుగా మూటలోంచి సగం జొన్నరొట్టె తుంచి ఇచ్చాడు, మధ్యలో చెనిక్కాయల కారం పెట్టి. ఇద్దరం తిన్నాం. ధ్యానంలో నా మొహం కడుపునొప్పి మనిషిలా ఉంటుందని శిబిరంలో ఎవరూ చెప్పలేదు. ఐదు నెలలు అదే మొహంతో కూర్చున్నానన్నమాట. తలచుకుంటే నవ్వొచ్చింది, కాస్త సిగ్గూ వేసింది.

నీలమ్మ ఇల్లు

ఎమ్మిగనూరు బస్సులో నా పక్కన హొళగుంద నుంచి వస్తున్న ఒకావిడ కూర్చుంది. ప్రతి మాటా కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగించేది. రేపు అమావాస్య కాబట్టి మా ఊళ్ళో ఎవరూ కొత్త పని ముట్టరని చెప్పింది. నేను ఊరికే తలూపాను. విజయవాడలో అమావాస్య అంటే దుకాణం గుమ్మానికి కొత్త గుమ్మడికాయ, అంతే. దుకాణం ఎప్పట్లాగే తెరుస్తారు.

ఊళ్ళో దిగేసరికి సాయంత్రమైంది. జాతర అంగళ్ళు ఇంకా పూర్తిగా ఎత్తలేదు. పోస్టాఫీసు మూసేశారు. ఉత్తరం రేపు వేద్దామనుకుని నీలమ్మ ఇంటికి నడిచాను.

నీలమ్మ నా చిన్ననాటి స్నేహితురాలు. వస్తున్నానని ముందే కార్డు ముక్క రాశాను. వాళ్ళిల్లు, మా క్వార్టరు గోడకు గోడ. అప్పట్లో ఆ వీధిలోకి అడుగుపెడితే రెండు పక్కలా మగ్గాల చప్పుడే. అమ్మ గట్టిగా అరిస్తే తప్ప భోజనానికి పిలిచినట్టు వినిపించేది కాదు. ఇప్పుడు వీధి చివరిదాకా నడిచినా నాలుగు మగ్గాలే వినిపించాయి. అయిదోది నీలమ్మది.

ఆమె మగ్గం గుంతలోంచి తలెత్తి చూసింది. జుట్టు నెరిసింది కానీ ముక్కుపుడక అదే.

"వచ్చినావా? సూసి సూసి అమాస ముందరే వచ్చినావు. రేపు మగ్గమాడదు. యాపొద్దుకూ నీ రాత ఇంతే," అంది.

నలభై ఏళ్ళ తర్వాత కలిసిన మనిషికి మొదటి మాట అది. నాకు ప్రాణం లేచొచ్చింది.

వాళ్ళది గుంత మగ్గం. నేలలో నడుము లోతు గుంత తవ్వి ఉంటుంది. నేసేవాళ్ళు దాని అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వదిలి చెక్కలు తొక్కుతారు. నీలమ్మ ఆ పూటకు పని ముగించి, గుంజకు బిగదీసి ఉన్న పడుగు తాడును విప్పి వదులు చేసింది. నిలువు పోగులన్నీ ఒక్కసారిగా కిందికి జారాయి. చిన్నప్పుడు వందసార్లు చూసి ఉంటాను, కానీ ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

"అట్లనే బిగదీసి ఇడిస్తే తెల్లారేకి పోగులు తెగుతాయి గదా," అంది. "నేసేటప్పుడే బిగువు. లేకపోతే యాలా?"

నాకు లోపల చురుక్కుమంది. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.

భోజనంలో జొన్నరొట్టె, పుండికూర పప్పు. మా గోంగూరే, పేరు వేరు. నీలమ్మ భర్త మల్లన్న కండెలు చుడతాడు, మాట తక్కువ. నేను "రొట్టె చాలండి" అంటే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"కిష్ణ నీళ్ళు తాగి దీని మాట మారిపాయ," అని నీలమ్మ మొగుడికి చెప్పింది. "ఈడ ఉన్నప్పుడు నాకంటే బాగా మాట్లాడుతుండె."

ఉత్తరం సంగతి చెప్పాలనుకుని చెప్పలేదు. ధ్యానం సంగతి మాత్రం చెప్పాను.

"కండ్లు మూసుకోని ఏమ్ సూస్తావు?"

"ఏమీ చూడకూడదు."

"దానికి నిద్రపోతే సాలదా?" అంది. మల్లన్న మొదటిసారి నవ్వాడు.

అమావాస్య

తెల్లవారింది. అలవాటు ప్రకారం ఆరున్నరకు బొమ్మల పుస్తకం తెరిచి పెన్సిలు చెక్కుతున్నాను. నీలమ్మ తలస్నానం చేసి, తడిజుట్టుతో వచ్చి నిలబడింది.

"ఏమ్ జేస్తాండావు?"

"పని."

"ఈపొద్దు లేదు." నా చేతిలోంచి పెన్సిలు తీసేసుకుంది.

మగ్గం పట్టెకు పసుపు కుంకుమ పెట్టి ఉంది. నాడె, కత్తెర, కండెలు అన్నీ దేవుడి అలమరలో పేర్చి ఉన్నాయి. నా పెన్సిళ్ళ డబ్బా, బొమ్మల పుస్తకం కూడా వాటి పక్కన పెట్టి పసుపుదారం చుట్టింది.

"ఇవి మగ్గం సామాను కాదు కదే," అన్నాను.

మల్లన్న గుమ్మం దగ్గర్నుంచి అందుకున్నాడు. "పనిముట్టు ఏదైతే ఏమమ్మా? నెలకొకనాడు అదీ పండుకోవల్ల."

"రేపొద్దున నేనే తీసిస్తా. నువ్వు ముట్టొద్దు," అంది నీలమ్మ.

కోపం వచ్చింది. గీత పడకపోయినా ఐదు నెలల్లో ఇంట్లో ఉన్న ఒక్కరోజు కూడా కాగితం ముందు కూర్చోకుండా ఉండలేదు. ఇప్పుడు ఒకరి ఇంట్లో కూర్చుని వాళ్ళ దేవుడి మీద అలగలేను కదా. ముఖం ముడుచుకుని కాఫీ తాగాను.

మగ్గం వైపు చూస్తుంటే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. నాకు పదేళ్ళప్పుడు, ఇలాంటి అమావాస్య నాడే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మగ్గమెక్కి నాడె విసిరాను. పోగులు పటపటా తెగాయి. నేను గోడ దూకి పారిపోయాను. నీలమ్మ వాళ్ళమ్మ గంగమ్మత్త వచ్చి నీలమ్మను ఈతబరికెతో కొట్టింది. ఆ ఏడుపు గోడ అవతల నుంచి విన్నాను, నేనే చేశానని చెప్పలేదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పాను.

నీలమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "మా యమ్మకు తెలుసులే."

"తెలిసి నిన్నెందుకు కొట్టింది?"

"పోస్టుమాస్టరు కూతుర్ని కొడతాదా? ఎవురినో ఒకర్ని కొట్టల్ల గదా, నన్ను కొట్టె." చేటలో రాయి ఏరి పారేసింది. "రాత్రి నాకు ఓళిగ రెండు పెట్టిందిలే. నీకు పెట్టలేదు, సూడు."

నలభై ఏళ్ళు మోసిన బరువును ఆ రెండు బొబ్బట్ల మాటతో ఆమె చేటలో చెరిగేసింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

అమావాస్య నాడు మగ్గం నెయ్యరు కానీ శుభ్రం చేస్తారు. గుంతలోకి దిగి నెల రోజుల దూది నుసి, తెగిన పోగులు ఊడ్వాలి. నీలమ్మకు మోకాళ్ళనొప్పి. చీపురు లాక్కుని నేను దిగాను. కనీసం ఈ పనైనా చెయ్యనీ అనుకున్నాను.

కింద చల్లగా ఉంది. పేడతో అలికిన మట్టి వాసన. ఊడ్చి నుసి చేటలోకి ఎత్తి, ఊపిరి తీసుకుందామని గుంతలోనే ఒదిగి కూర్చున్నాను. కళ్ళకు ఎదురుగా, తొక్కే చెక్కలు. ఒకదాని మీద మడమ పడేచోట గిన్నెలాగా గుంట పడి ఉంది. అది నీలమ్మ ఒక్కర్తే అరగదీసింది కాదు. అదే మగ్గం మీద ఆమెకు ముందు గంగమ్మత్త ముప్పై ఏళ్ళు నేసింది.

చేత్తో తడిమాను. అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు దొంగాటలో నేను దాక్కునే చోటు ఈ గుంతే. మూలన ముడుచుకుని కూర్చుంటే అత్త కాళ్ళు నా మొహానికి జానెడు దూరంలో ఆడేవి. కుడికాలు, ఎడమకాలు. చిటికెన వేలు కొంచెం వంకర. తొక్కినప్పుడల్లా వెండి మెట్టె చెక్కకు తగిలి టక్కుమనేది. పైన ఏ చీర తయారవుతోందో నాకు తెలిసేది కాదు. నేత అంటే నాకప్పుడు ఆ రెండు కాళ్ళే. నేను దాక్కున్నానని తెలిసి కూడా అత్త ఎప్పుడూ చెప్పేది కాదు, ఒక్కోసారి బొటనవేలితో నా మోకాలు గిల్లేది.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఉత్తరం గుర్తురాలేదు. గ్యాస్ బండ గుర్తురాలేదు. ఊపిరి మీద మనసు పెట్టాలని కూడా గుర్తురాలేదు.

"గుంతలోనే సంసారం పెడతావా ఏమి?" నీలమ్మ పైనుంచి వంగి చూసింది.

గబగబా పైకొచ్చి, చేతులు కడుక్కోకుండానే దేవుడి అలమర వైపు నడిచాను. బొమ్మ వెయ్యాలని వేళ్ళు లాగుతున్నాయి. అంత ఆత్రం ఎన్నేళ్ళయిందో.

"ముట్టొద్దంటి గదా," అంది నీలమ్మ.

"ఒక్క బొమ్మే. మరిచిపోతానే."

"నలభై ఏండ్లు మరిసిపోకుంటివి, ఒక రేయికి మరిసిపోతావా? కూసో."

కూర్చున్నాను. ఐదు నెలలు ఎవరూ వద్దనలేదు, ఒక్క గీత పడలేదు. ఇప్పుడు వద్దన్నారు, చెయ్యి ఊరుకోవడం లేదు. ఆ రోజంతా ఓళిగలు తిన్నాను, పక్కింటి పిల్లలకు జడలు వేశాను, ఇద్దరం మిట్టమధ్యాహ్నం చాప మీద పడుకుని పాత టీచర్లందరినీ ఆడిపోసుకున్నాం. పోస్టాఫీసు వేళ దాటిపోయిందని పొద్దువాలాక గుర్తొచ్చింది.

పాడ్యమి

మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. బయట అప్పుడే వెలుగొచ్చింది. నీలమ్మ పడుగు మళ్ళీ బిగించి గుంతలో కాళ్ళు వేసుకుని కూర్చుంది. నా పుస్తకం ఇంకా అలమరలోనే ఉంది, పసుపుదారంతో. ఆమె తీసివ్వాలి, నేను ముట్టకూడదు. మోకాళ్ళ నొప్పితో ఒకసారి గుంతలో కూర్చున్న మనిషిని లేపడానికి మనసొప్పలేదు. ఆగడానికీ మనసొప్పలేదు.

సంచి వెతికాను. కాగితం అంటూ ఉన్నది ఒకటే. కవరులోంచి ఉత్తరం తీసి, తిరగేసి, పెన్నుతో మొదలుపెట్టాను.

నేలను నిలువుగా కోసినట్టు వేశాను. పైన, చీర అంచు కొద్దిగా. కాగితమంతా గుంతే. రెండు పెద్ద పాదాలు, వంకర చిటికెన వేలు, వెండి మెట్టె. మూలన మోకాళ్ళు కావలించుకుని పైకి చూస్తున్న పిల్ల. చెయ్యి ఎక్కడా ఆగలేదు. అరగంట కూడా పట్టి ఉండదు.

నీలమ్మకు చూపించాను. మగ్గం ఆపింది. వంకర చిటికెన వేలి బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇది మా యమ్మ కాలు," అంది. తర్వాత, "అందరూ వచ్చి సేతులు ఫోటో తీసుకోని పోతారు. కాళ్ళు ఎవురూ సూడరు," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "దీన్ని నాకిస్తావా?" అని అడిగింది.

ఒక్క క్షణం ఆగాను. ఆ బొమ్మను ఇప్పుడు కళ్ళు మూసుకుని కూడా మళ్ళీ వెయ్యగలను. ఆగింది బొమ్మ కోసం కాదు. తర్వాత, తీసుకోమన్నాను.

మల్లన్న పడుగుకు పెట్టే గంజి ఒక గరిటెడు తెచ్చి, ఉత్తరం వైపు అంతా పట్టించాడు. మగ్గానికి ఎదురుగా, నీలమ్మ తలెత్తితే కనబడేచోట గోడకు అంటించి అరచేత్తో ఒత్తాడు.

"మా గంజి ఇది. ఇంగ ఊడదు సూడమ్మా," అన్నాడు.

నీలమ్మ గుంతలోంచి అనుమానంగా చూసింది. "వెనకపక్క ఏందో రాసింటివే. అది నీకు కావల్ల ఏమో?"

"వద్దులేమే," అన్నాను. "గోడ సదువుకుంటాదిలే."

ఎమ్మిగనూరు మాట దానంతటదే నా నోట్లోంచి వచ్చింది. నీలమ్మ మొగుడి వైపు చూసి, "విన్యావా?" అని నవ్వి, మళ్ళీ చెక్క తొక్కింది.